ముందు చక్రాల చూపు



ఈ నెల మా శీర్షికలో వంటింటి సామానూ కాదు, పెరటి నుయ్యీ కాదు. వాకిట నిలిచివున్న పాత కారును గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. అంబాసిడరు కారును ఇంటి మనిషిలా చూచుకొనే కుటుంబాలు మనలో ఇంకా కొన్ని ఉన్నవి. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సీరీస్ కారు దీనికి మాతృక. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరలో దీని తయారీ మొదలుపెట్టి, 2014 మే నెలలో ఆపివేశారు. అంటే ఎంత చిన్న బండి అయినా ఈనాటికి పదేళ్ళు దాటినదే. అటువంటి బండి ముందు చక్రాలు సరిగా ఉన్నవో లేవో ఇంటి దగ్గరే ఎట్లా చూచుకోవచ్చును, ఎంతవరకు సరిచేసుకోవచ్చును, ఎక్కడ చేయి ఆపుకోవలె అన్నదే ఈ నెల ముచ్చట.

ఎద్దుబండి చక్రానికి ఈ బాధ లేదు. పూరీ జగన్నాథస్వామి నందిఘోష రథానికి 16 చక్రాలున్నా, అవి ఇరుసు మీద నిటారుగా నిలిచి ముందుకే పోతాయి. కారు ముందు చక్రం అట్లా కాదు. స్టీరింగు తిప్పితే అది పక్కకు తిరగాలి. తిరగాలంటే కీళ్ళుండాలి. కీలున్న చోట అరుగుదల తప్పదు, మనిషికైనా బండికైనా.

వెనుక చక్రాలు తోసే బండిలో, రోడ్డు రాపిడికి ముందు చక్రాలు కాస్త బయటికి విచ్చుకోవాలని చూస్తాయి. అందుచేత నిలిపివున్నప్పుడే రెండు చక్రాల ముక్కులనూ రవంత లోపలికి చూచేటట్లు అమర్చుతారు. దీనినే టో-ఇన్ అంటారు. ఆ కాలపు బండ్లలో చాలా వాటికి ఇది అంగుళంలో 16వ వంతు మొదలు 8వ వంతు వరకు, అనగా ఒకటిన్నర మొదలు మూడు మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. మీ బండికి ఎంత అన్నది దాని పుస్తకంలో చూచుకోవలె.

ఇంత చిన్న కొలతకు ఇంత రాద్ధాంతమా అనవద్దు. ఒక్కొక్క చక్రం ఉండవలసినదానికంటే మూడు మిల్లీమీటర్లు పక్కకు చూస్తున్నదనుకోండి. టైరు అడ్డుకొలత సుమారు 650 మిల్లీమీటర్లు గనుక, కిలోమీటరు దూరం పోయేసరికి ఆ టైరు నాలుగున్నర మీటర్లు అడ్డంగా ఈడ్చుకొని పోయినట్లే. వంద కిలోమీటర్లకు 450 మీటర్లు! కొత్త టైర్లు కొద్ది నెలలకే బోడిగుండ్లు అయినవంటే ఆశ్చర్యమేమున్నది?

కొలతకు ముందు అరచేతితో టైరును తడిమి చూడండి. బయటి అంచు అరిగి, చేతిని లోపలినుంచి బయటికి జరిపినప్పుడు గరుకుగా తగిలితే టో-ఇన్ ఎక్కువైనది. లోపలి అంచు అరిగి, బయటినుంచి లోపలికి జరిపినప్పుడు గరుకుగా తగిలితే చక్రాలు బయటికి చూస్తున్నవి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. నడిమి భాగం అరిగితే గాలి ఎక్కువ. ఈ చివరి రెండింటికీ చక్రాల చూపుతో పని లేదు, గాలి సరిచేస్తే చాలును.

కొలవడానికి కావలసినవి సుద్దముక్క, ఇనుప టేపు, తాపీమేస్త్రీ గోడ నిలువు చూచుకొనే గుండుదారం. ఇంతే. గచ్చు మట్టంగా ఉన్న చోట బండిని పెట్టి, టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు సరిచూడాలి. స్టీరింగు తిన్నగా ఉంచి, బండిని నాలుగు గజాలు ముందుకు తోసి ఆపాలి. పొరపాటున కూడా వెనక్కు తోయరాదు. వెనక్కు వస్తే కీళ్ళలోని వదులు అటు తిరిగి కొలత చెడిపోతుంది.

ఇప్పుడు ముందు చక్రాలు రెండింటికీ వెనుకవైపున, చక్రం నడిబొడ్డు ఎత్తులో, టైరు పట్టీ మధ్య ఒక్కొక్క సుద్ద గుర్తు పెట్టండి. గుర్తు దగ్గరినుంచి గుండుదారం వేలాడదీసి, అది చూపిన చోట నేల మీద గీత గీయండి. తరువాత బండిని ముందుకే అర చుట్టు, అనగా సుమారు మీటరు దూరం తోస్తే, టైరు మీది అవే గుర్తులు ముందువైపుకు అదే ఎత్తుకు వస్తాయి. మళ్ళీ గుండుదారం, మళ్ళీ నేల మీద గీత. బండిని తప్పించి, కుడి ఎడమ గీతల మధ్య దూరం రెండు చోట్లా కొలవండి. మొదటి జత మధ్య 1352, రెండవ జత మధ్య 1350 మిల్లీమీటర్లు వచ్చినవనుకోండి. టో-ఇన్ రెండు మిల్లీమీటర్లు. రెండుసార్లూ అవే గుర్తులను కొలిచాము గనుక, రిమ్ము కాస్త వంకరగా ఉన్నా లెక్క తప్పదు.

ఇది ఒక్కసారి చేస్తే చాలదు. మూడుసార్లు చేయాలి. ఎందుకో చెబుతాము.

మా వీధిలో ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి ఒకరున్నారు. వీధి అందరికీ ఆయన బాబాయిగారు. పిన్నిగారి కంటి వైద్యానికి తరచు విశాఖపట్నం పోవలసి వచ్చి, ఆయన అంబాసిడరు 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీల నడుమ చాలా తిరిగింది. ముందు టైర్ల లోపలి అంచులు అరిగిపోయినవి. ఒక వర్క్‌షాపులో రెండుసార్లు చక్రాలు సరిచేయించారు. రెండుసార్లూ కొద్ది వారాలకే బండి మళ్ళీ పక్కకు లాగింది. అబ్బాయి అమ్మివేయుదామంటాడు, బాబాయిగారు ససేమిరా అంటారు. ఒక ఆదివారం మేము వెళ్ళి పైన చెప్పినట్లు కొలిచాము. మొదటిసారి ఒక మిల్లీమీటరు లోపలికి. రెండవసారి నాలుగు బయటికి. మూడవసారి రెండు లోపలికి.

“ఏమోయ్, మూడుసార్లు కొలిస్తే మూడు లెక్కలా? టేపు తప్పా, బండి తప్పా?” అన్నారు బాబాయిగారు.

“టేపు తప్పు కాదు బాబాయిగారూ. చిట్టా ఆవర్జా మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చినవంటే, కాగితమేదో కుదురుగా లేదన్నమాట. ఇక్కడ కీలేదో కుదురుగా లేదు,” అన్నాము.

ఇంజను ఆపి, అబ్బాయిని స్టీరింగు అటూ ఇటూ కొద్దిగా కదలించమన్నాము. టై రాడ్డు చివరి కీలు మీద చేయి వేస్తే టక్కుటక్కుమని తగిలింది. అరిగిన కీలును అట్లాగే ఉంచి రెండుసార్లు కొలత సరిచేశారన్నమాట! అది రహదారి మీద ఊడివుంటే పోయేది టైరు కాదు. పిన్నిగారు ఆ మాట విని, “అబ్బాయీ, బండి మాట తరువాత, ముందు ఆ కీలు సంగతి చూడు” అన్నారు. కీలు మార్పించి, కొలత సరిచేసిన తరువాత మూడుసార్లు కొలిచినా ఒకే లెక్క వచ్చింది.

కాబట్టి మొదటి సూత్రమిది: మూడు కొలతలు కలిసేవరకు స్పానరు ముట్టరాదు. కలవకపోతే లోపం అమరికలో కాదు, అరుగుదలలో ఉన్నది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టి ఊపితే కదిలితే బేరింగో, కింగ్ పిన్నో. పక్కలు పట్టి ఊపితే కదిలితే స్టీరింగు కీళ్ళో అని అనుమానించవలె. జాకీ ఎత్తే ముందు వెనుక చక్రాలకు ముందూ వెనుకా కొయ్యదిమ్మలు పెట్టాలి. ఉత్త జాకీ మీద నిలిచిన బండి కింద దూరడం ప్రాణాలతో చెలగాటం.

ఇక కొలతలు కలిసి, అంకె మాత్రం తప్పినదనుకోండి. అప్పుడు టై రాడ్ల లాక్ నట్లు వదులు చేయాలి. మన హుమ్మ ఉప్పుమళ్ళ మీదుగా వచ్చే గాలికి ఆ మరలు తుప్పుపట్టి బిగుసుకొని ఉంటాయి. ముందురోజు రాత్రే తీగబ్రష్షుతో గీకి కిరసనాయిలు పోసి ఉంచండి. బలవంతాన తిప్పితే మర చెడుతుంది. టై రాడ్లు ముందు ఇరుసు రేఖకు వెనుకవైపున ఉంటే, పొడవు పెంచినకొద్దీ టో-ఇన్ పెరుగుతుంది. ముందువైపున ఉంటే తగ్గుతుంది. రెండు పక్కలా సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పాలి. ఒకే పక్క తిప్పితే చక్రాలు కుదిరినా, తిన్నగా పోయేటప్పుడు స్టీరింగు వంకరగా నిలుస్తుంది. రబ్బరు తొడుగు మెలిక పడకుండా దాని పట్టీ ముందే సడలించండి. లాక్ నట్లు బిగించిన తరువాత బండిని మళ్ళీ ముందుకు తోసి, మళ్ళీ మూడుసార్లు కొలవాలి. బిగింపులోనే మిల్లీమీటరు జరగడం కద్దు.

ఇంటిలో చేయదగినది ఇంతవరకే. చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరగడం, కింగ్ పిన్ను వాలు, వంగిన చేతులు, ఇవి దారానికీ సుద్దకూ అందవు. వీటికి తెలిసిన మేస్త్రీ వద్దకే పోవలె. అయితే మీ మూడు కొలతలూ కాగితం మీద రాసి, తేదీ వేసి వెంట తీసుకొని వెళ్ళండి. ఏమీ తెలియక వెళ్ళినవారికి చెప్పే సమాధానం వేరు, కాగితం చేతబట్టి వెళ్ళినవారికి చెప్పే సమాధానం వేరు. ఆఫీసు బల్ల వెనుక ఇన్నేళ్ళు కూర్చున్న మాకు ఈ సంగతి బాగా తెలుసును.

ఈ పని పిల్లలను పక్కన పెట్టుకొని చేయండి. ఆడపిల్లలనూ పిలవండి. గుండుదారం పట్టుకొనే చేతికి మగా ఆడా తేడా లేదు. రేపు ఆ బండిని నడిపేది వారే గదా.