గార్డుపెట్టెకు గృహప్రవేశం

గూడ్సుబండి చివర గార్డుపెట్టెను చూడనివారుండరు. అందులో కూర్చునే గార్డుగారికి 2022లో ట్రెయిన్ మేనేజరని పేరు మార్చారు. పేరు పెద్దదయింది, సంతోషం! ఆ పెట్టెకు అమెరికాలో ఒక అన్నగారున్నాడు. కబూస్ అంటారు. అన్నగారనడం ఎందుకంటే, అది పెట్టె కాదు, ఇల్లు. బొగ్గులపొయ్యి, పడుకోవడానికి బల్లలు, కండక్టరు కాగితాలు రాసుకునే మేజా, కప్పుమీద కిటికీల గూడు. ఆ గూట్లో కూర్చుని బ్రేక్‌మన్ ముందున్న పెట్టెలన్నిటినీ కనిపెట్టి వుండేవాడు. ఇరుసు వేడెక్కి పొగ లేస్తే ఇంజనువాడికి కబురందించేది అతనే.

గాలిబ్రేకులు రాకముందు ఇతని పాట్లు చెప్పనలవి కాదు. నడిచేబండి కప్పులమీద ఒక పెట్టెనుంచి మరో పెట్టెకు దాటుతూ, చేత్తో చక్రం తిప్పి బ్రేకు వేయాలి. వానైనా మంచైనా అంతే. గాలిబ్రేకులు పెట్టి తీరాలని 1893లో చట్టం చేశారు.

1980లలో బండి చివర తగిలించే ఒక మినుకుదీపం యంత్రం వచ్చింది. బ్రేకుగొట్టంలో గాలి ఎంత వున్నదీ రేడియోమీద ఇంజనుకు చెబుతుంది. దానికి జీతం అక్కరలేదు, పొయ్యి అక్కరలేదు. కబూస్‌లు పాతసామాను కింద జమ అయిపోయాయి. అయిదుగురు చేసే పని చివరకు ఇద్దరికి దిగింది.

మా అమ్మాయి కాపురముంటున్న వూళ్లో అలాంటి కబూస్ నొకదాన్ని బాగుచేసి మ్యూజియానికి తరలిస్తూంటే చూడబోయాను. తుప్పు గీకి, పుచ్చిన నేలపలకలు మార్చి, ఎర్రరంగు వేశారు. కాని పట్టాలు లేనిచోటికి ఎలా వెళ్లడం? రోడ్డుమీదనే. అసలు కిటుకు ఏమిటంటే, పెట్టె తన బరువుకొద్దీ చక్రాల చట్రాలమీద కూర్చుంటుంది. మధ్యలో చీల ఒకటి చోటు తప్పకుండా పట్టివుంచుతుంది. అందుచేత క్రేనుతో ముందు పెట్టెను ఎత్తారు. దాన్ని ఒక లారీమీద, చట్రాలను మరో లారీమీద వేశారు. దారిలో కరెంటుతీగలు కప్పుగూటికి తగలకుండా ఒకతను గెడతో ఎత్తిపట్టుకుంటూ నడిచాడు. మన వూరి రథోత్సవమే అనుకోండి!

మ్యూజియం ముందు కంకరపోసి, స్లీపర్లు పరచి, నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల ఎడంతో పట్టాలు సిద్ధంగా వుంచారు. చట్రాలు ఎక్కాయి. పెట్టె దిగుతూండగా చీల వేలెడు దూరంలో రెండుసార్లు తప్పింది. మూడోసారి ఠంగుమని కూర్చుంది. జనం చప్పట్లు కొట్టారు.

ఒక ముసలాయన మాత్రం కొట్టలేదు. ఒకప్పుడు బ్రేక్‌మన్‌ట. "మా యింట్లోకంటే ఇలాంటివాటిలోనే ఎక్కువ రాత్రులు పడుకున్నారు" అన్నది ఆయన భార్య. అందరికంటే ముందు ఆయన్నే ఎక్కించారు. తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్లి, మూత తీసి లోపలికి చూశాడు. బూడిద లేదు. నల్లగా నిగనిగలాడుతోంది.

ప్రారంభోత్సవంనాడు పొయ్యి వెలిగించాలని ఆయన పట్టు. ఇన్సూరెన్సువాళ్లు ఒప్పుకోరని మ్యూజియంవారు. పొగగొట్టం సరిగా వుందో లేదో తానే చూస్తానని ఆయన నిచ్చెన తెప్పించాడు. నేను బయలుదేరేవేళకు ఆయన కప్పుమీదే వున్నాడు, భార్య కిందనుంచి దిగమని కేకలేస్తోంది.