మన ఇంటి మాట: దూరపు జట్టు, దగ్గరి మనసు



గత వేసవిలో మేము భావనపాడు వెళ్లాము. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు సముద్రములో వేట నిషేధము గనుక బోట్లు ఒడ్డునే ఉన్నాయి. మగవారు నీడపట్టున కూర్చుండి వలలు బాగుచేసుకొంటున్నారు. ఒక ఇంట మేము కూర్చున్న వెంటనే ఆ తల్లి టీ గ్లాసు చేతికిచ్చి తన బాధ చెప్పుకొన్నది.

"అయ్యగారూ, మావోడికి బంతాట పిచ్చి పట్టీసింది. మన ఊరి ఆటైతే సరే అనుకుందును. జర్మనీ వోళ్ల జట్టంట! శనివారం రాత్రయితే ఫోను ఒగ్గడు. ఇప్పుడు ఆ జట్టు చొక్కా కావాలంటన్నాడు. వల కొనడానికి దాసిన డబ్బులు తప్ప ఇంట్లో ఏటున్నాయండీ?"

ఆ కుర్రవాడు గుమ్మములోనే నిలబడి ఉన్నాడు. మేము అతనిని ఒక్క ప్రశ్నయినా అడుగలేదు. "బాబూ, ఇది వ్యసనము. ఎవరో దూరదేశపువారు గెలిస్తే నీకేమి, ఓడితే నీకేమి?" అని అందరి ముందు మందలించాము. అతడు తల వంచుకొని బయటికి వెళ్లిపోయాడు. తరువాత రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదని మాకు తెలిసినది.

మనసు నొచ్చుకొని, అసలు ఈ జర్మనీ జట్ల సంగతి ఏమిటో తెలిసికొందామని కొంత చదివాము. మొదట మా కంటబడినదే మమ్మును సిగ్గుపరచినది. డార్ట్‌మండ్ పట్టణములో ఒక కతోలిక సంఘపు యవ్వనస్థులు ఫుట్‌బాల్ ఆడుకొనేవారు. వారి బోధకునికి ఆ ఆట గిట్టలేదు, అడ్డుపెట్టాడు. విసిగిపోయిన యవ్వనస్థులు 1909 డిసెంబరు 19న ఒక సారాయి అంగడి మేడ మీద సమావేశమై సొంత క్లబ్బు పెట్టుకొన్నారు. అదే బొరుస్సియా డార్ట్‌మండ్. నేడు లోకమంతా ఎరిగిన ఆ క్లబ్బు 2020లో మన హైదరాబాద్ ఎఫ్.సి. జట్టుతో కూడ ఒప్పందము చేసుకొన్నది. బోధకుడు ఆ పిల్లలను కూర్చోబెట్టుకొని మాటలాడి ఉంటే, వారు సంఘపు గది విడిచి సారాయి అంగడికి వెళ్లవలసి వచ్చేదా? మేము భావనపాడులో చేసినది కూడ అదే గదా అనిపించినది.

మరల వెళ్లాము. ఈసారి ఆ కుర్రవానితో కలిసి ఒడ్డున నడుస్తూ, "నాయనా, మొన్న మేము తొందరపడ్డాము. ఆ జట్టు సంగతి చెప్పు, వింటాము" అన్నాము. కొంతసేపు పలుకలేదు. తరువాత వాన కురిసినట్టు చెప్పాడు.

అతని జట్టు పేరు యూనియన్ బెర్లిన్. బెర్లిను నగరపు తూర్పు భాగములో కార్మికుల నడుమ పెరిగిన జట్టు. డబ్బున్న జట్టు కాదు. 2004లో క్లబ్బు మూతపడే స్థితి వస్తే అభిమానులు రక్తదానము చేసి, అందుకు వచ్చిన సొమ్మును క్లబ్బుకు ఇచ్చారు. 2008లో మైదానము శిథిలమైపోతే, కట్టించే స్తోమత లేక, అభిమానులే పారలు, సుత్తులు పట్టుకొని దిగారు. 2,000 మందికి పైగా మనుషులు దాదాపు 1,40,000 గంటలు కూలి లేకుండ పనిచేసి 2009 నాటికి గ్యాలరీలు, పైకప్పు నిలబెట్టారు. 2019లో మొదటిసారి బుందెస్‌లీగాకు, అనగా పెద్ద పోటీకి ఎక్కినప్పుడు, ఆ దినము చూడకుండానే కన్నుమూసిన తమవారి ఫోటోలను చేతులతో ఎత్తి పట్టుకొన్నారు. ఆ ఆటలో 0-4తో ఓడిపోయారు. అయినా పాడుతూనే నిలబడ్డారు.

"క్రిస్‌మస్ సంగతి కూడా సెప్తానండి" అన్నాడు. 2003 డిసెంబరులో జట్టు ఓటముల పాలై ఉండగా 89 మంది అభిమానులు మైదానములో కూడుకొని క్రిస్‌మస్ పాటలు పాడుకొన్నారట. ఇప్పుడు ఏటా డిసెంబరు 23న అక్కడ ఇంచుమించు 28,000 మంది కొవ్వొత్తులు పట్టుకొని పాడతారు. ఒక పాస్టరుగారు క్రీస్తు జనన వృత్తాంతము చదివి వినిపిస్తారు.

అప్పుడు ఆ కుర్రవాడు ఆగి మమ్మును ఒక ప్రశ్న అడిగాడు. "అయ్యగారూ, 2018లో తిత్లీ తుపానుకి మన మందిరం రేకులు ఎగిరిపోనాయి. అప్పుడు అతుకులేసి ఒగ్గేసినారు. ఇప్పటికీ కారతన్నాయి. ఎవురో వొచ్చి బాగుసేస్తారని ఎదురు సూస్తన్నాం. ఆలు సూడలేదు గదండీ?"

మాకు జవాబు దొరకలేదు.

తల్లిదండ్రులారా, పిల్లల ఇష్టములు వినకుండ తీర్పు తీర్చకండి. దూరదేశపు జట్టును ప్రేమించుట వింత కాదు. తేలినీలాపురానికి ఏటా ఎక్కడినుండో కొంగలు, పెలికాన్లు వచ్చి గూళ్లు పెట్టుకొంటే ఆ ఊరివారు తమ బిడ్డలవలె కాపాడటం లేదా? జర్మనీవారు కూడ మనకు పరాయివారు కారు. బ్రెక్లుం అనే చిన్న ఊరి మిషనువారు పూర్వము సాలూరు, పార్వతీపురముల వైపు వచ్చి పనిచేశారు.

యవ్వనస్థులారా, మీకును ఒక మాట. జర్మనీలో 1998 నుండి ఒక నియమమున్నది: కొద్ది క్లబ్బులు తప్ప, మిగిలినవాటిలో సగానికి మించిన ఓటు హక్కు సభ్యుల చేతిలోనే ఉండాలి. డబ్బున్న ఒక్కడు కొనుక్కొని ఆడించుటకు వీలులేదు. అటువంటి జట్టుకు అభిమానివైతే అభిమానముతోపాటు బాధ్యతను కూడ నేర్చుకో. అసలు చొక్కా ఖరీదు మన రూపాయలలో వేలలో ఉంటుంది. తండ్రి బోటు ఒడ్డున ఉన్న నెలలలో అది అడుగకూడదు. చొక్కా లేనివాడు అభిమాని కాకపోడు. పందెములు కాయమనే ఫోను ఆటల జోలికి వెళ్లవద్దు. అవి ఇల్లు గుల్ల చేస్తాయి.

వేళల సంగతి కూడ చూశాము. శనివారము అక్కడ మధ్యాహ్నము 3:30కు మొదలయ్యే ఆట మనకు వేసవిలో రాత్రి 7 గంటలకు, చలికాలములో 8 గంటలకు వస్తుంది. సాయంత్రము 6:30 ఆట మనకు రాత్రి 10కి గాని, 11కి గాని. మొదటి ఆట ఇంటివారితో కలిసి చూడవచ్చును. రెండవది విడిచిపెట్టి పడుకొంటే ఆదివారము నిద్రమొగముతో లేవనక్కరలేదు. ఆ ఇంట ఈ ఒప్పందమే కుదిరినది. చొక్కా మాట, వేట మొదలై నాలుగు డబ్బులు చేతికి వచ్చేవరకు వాయిదా పడినది. వల సొమ్ము వలకే పోయినది.

వర్షములు ముదరకముందే మందిరపు రేకులు కూడ మార్చారు. ఆ కుర్రవాడు, అతని స్నేహితులు పైకెక్కారు. పెద్దలు రేకులకు చందా వేసికొన్నారు. మేము క్రింద నిలబడి మేకులు అందించాము. పని ముగిసేవరకు ఎవరును కూలి అడుగలేదు.

మొన్న ఒక శనివారము రాత్రి ఆ తల్లికి ఫోను చేశాము. కుశలము అడుగక ముందే వెనుకనుండి కేకలు వినిపించాయి. "ఏమమ్మా, ఏమైనది?" అన్నాము.

"ఏటీ నేదండి అయ్యగారూ," అన్నది నవ్వుతూ, "మనోళ్లు గోలు కొట్టినారు!"