ముందు నీళ్లు నేర్చుకోండి

గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు, క్యాంపస్ సెలెక్షన్లలో పేరు రాలేదు, ఈలోగా ఇంట్లోనే అక్వేరియం చేపలు పెంచి అమ్ముకుందామా అని అడిగే కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆలోచన మంచిదే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్‌కి 3 లక్షల ఖర్చు లెక్కగట్టి జనరల్ వాళ్లకి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి 60 శాతం రాయితీ పెట్టారు. కానీ ఆ దరఖాస్తు నింపేముందు ఓ పని చేయండి. ఆరు ఏంజెల్ ఫిష్ పిల్లల్ని తెచ్చి ఏడాదిపాటు ఆరోగ్యంగా పెంచండి. అప్పుచేసి నేర్చుకునే పాఠాలన్నీ అంతకంటే చాలా తక్కువ ఖర్చులో అయిపోతాయి.

ఏంజెలే ఎందుకంటారా? గప్పీలు మీ తప్పుల్ని చాలావరకు భరిస్తాయి. ఏంజెల్ మరీ సుకుమారం కాదుగానీ, అశ్రద్ధ చేస్తే ఊరుకోదు. దాని సొంతూరు అమెజాన్ నది. షాపులో రూపాయి బిళ్లంత ఉండే పిల్ల 15 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది, రెక్కలతో కలిపి ఎత్తు ఇంకా ఎక్కువ. అందుకే తొట్టికి వెడల్పు కంటే లోతు ముఖ్యం. అడుగున్నరకి తగ్గకూడదు. ఆరింటికి 200 లీటర్లయినా కావాలి.

నూటికి తొంభై మంది చేసే తప్పు, తొట్టీ చేపలూ ఒకే రోజు ఇంటికి తేవడం. చేప విసర్జించే దాంట్లో అమ్మోనియా ఉంటుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషం, మూడోది కొద్దిగా ఉంటే చేప తట్టుకుంటుంది. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఫిల్టర్ నడుపుతూ, ఖాళీ తొట్టిలోనే రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండాలి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి కదా అనుకోవద్దు, అమ్మోనియా కంటికి కనిపించదు. పైగా శుభ్రం పేరుతో ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి కడిగేస్తాం. క్లోరిన్‌తో బ్యాక్టీరియా చచ్చిపోతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈ పని నేనూ చేశాను, నాలుగు చేపలు పోయాక తెలిసింది. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. వారానికి పావు వంతు నీళ్లు మార్చాలి, అదీ క్లోరిన్ పోగొట్టాకే.

26 నుంచి 28 డిగ్రీల వేడి దీనికి హాయి. ఆదిలాబాద్ చలికి హీటర్ కావాలి. విజయవాడ మే నెలలో సమస్య తిరగబడుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి దగ్గరుంచుకోండి. అన్నట్టు, అందంగా ఉంటాయని చిన్న నియాన్ టెట్రాల్ని తోడు వేస్తే పెద్దయిన ఏంజెల్ వాటిని మింగేస్తుంది.

ఒంటిమీద ఉప్పు రవ్వల్లా తెల్లచుక్కలు కనిపిస్తే యాంటీబయాటిక్ పోసేస్తుంటారు. అది పరాన్నజీవి, యాంటీబయాటిక్‌కి లొంగదు. చుక్కగా చేప చర్మంలో ఉన్నంతసేపూ ఏ మందూ దాన్ని తాకదు. అక్కడినుంచి రాలి, పిల్లలు పెట్టి, ఆ పిల్లలు నీళ్లలో ఈదుతున్నప్పుడే మందు పనిచేస్తుంది. అందుకే చుక్కలు మాయమయ్యాక కూడా కొన్నాళ్లు మందు ఆపకూడదు. కొత్త చేపను రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచితే ఈ తలనొప్పి సగం తప్పుతుంది.

ఆరు పిల్లలు ఎందుకన్నానంటే, చిన్నప్పుడు ఆడా మగా తేడా తెలీదు. పెరిగాక జత అవే కట్టుకుంటాయి. నిలువుగా ఉన్న ఆకు మీదో పలక మీదో గుడ్లు అతికిస్తాయి. మొదటి ఒకట్రెండు సార్లు తమ గుడ్లు తామే తినేస్తాయి, కంగారు పడొద్దు.

ఇక డబ్బు సంగతి. చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల ఏళ్ల తరబడి పెద్దఎత్తున రంగుచేపలు పెంచుతున్నారు. ధరలో వాళ్లతో పోటీపడటం మీవల్ల కాదు. మీ ఊరి నీళ్లకి అలవాటుపడిన, జబ్బు లేని చేపను ఇవ్వడం మాత్రం మీవల్ల అవుతుంది. నన్నడిగితే అంతకంటే నమ్మకమైన మొదటి సంపాదన ఆసుపత్రుల్లో, హోటళ్లలో ఉన్న తొట్ల నిర్వహణ. పెట్టించేవాళ్లు చాలామందే, చూసుకోవడం తెలిసినవాళ్లు తక్కువ. అక్కడ పని అడగాలంటే మీ చేతిలో ఏడాదిపాటు వారం వారం రాసిన అమ్మోనియా, నైట్రైట్, ఉష్ణోగ్రత లెక్కల నోట్‌బుక్కు ఉండాలి. చచ్చినవి కూడా రాయండి, ఎందుకు చచ్చాయో పక్కనే.

ఈ ఆదివారం షాపుకెళ్తే తొట్టి, ఫిల్టర్, టెస్ట్ కిట్ మాత్రం తెచ్చుకోండి. చేపల కోసం నెలన్నర తర్వాత మళ్లీ వెళ్లొచ్చు.