ఓటీపీ ఎవరికీ చెప్పకండి! దోస్త్‌లో మీ ఆప్షన్లు మీరే పెట్టుకోండి!

ఇంటర్ పాసైన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!
బిడ్డల చదువు కోసం రెక్కలు ముక్కలు చేసుకుంటున్న తల్లిదండ్రులారా!

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచే మన వాడల్లోకి బైకులు వస్తాయి. "మంచి మార్కులు తెచ్చుకున్నవ్ తమ్మీ. మా కాలేజీల సీటు నీకే. ఆధార్ జిరాక్స్, మెమో ఇయ్యి. ఇప్పుడు ఫోన్‌కు ఒక నంబర్ వస్తది, అది చెప్పు చాలు. మిగతాదంతా మేం చూసుకుంటం" అంటారు. బ్యాగు ఇస్తామంటారు. బస్‌పాస్ తీయిస్తామంటారు. కొందరైతే కొత్త సెల్‌ఫోనే ఆశ చూపిస్తారు. అమ్మ చాయ్ పెట్టి తెచ్చేలోపు వాళ్ల పని అయిపోతుంది. మీరు చెప్పిన ఆ నంబరుతో మీ పేరు మీద దోస్త్‌లో, అంటే తెలంగాణ డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ దరఖాస్తులో, రిజిస్ట్రేషన్ జరిగిపోతుంది. దోస్త్ ఐడీ వాళ్ల దగ్గర, పిన్ వాళ్ల దగ్గర. వెబ్ ఆప్షన్లలో ఒకే ఒక్క కాలేజీ పేరు. మూడేళ్లు ఎక్కడ చదవాలో, ఏం చదవాలో మీకు తెలియకుండానే తేలిపోతుంది.

ఇది ప్రతి ఏడూ జరుగుతోంది. ఈ ఏడు జరగనివ్వద్దు. ఈ కరపత్రం అందుకే వేశాం.

దోస్త్ ఎవరి కోసం?

ఒకప్పుడు డిగ్రీలో చేరాలంటే కాలేజీ కాలేజీకి తిరగాలి. ప్రతి చోటా దరఖాస్తు కొనాలి, ప్రతి చోటా నోటీసు బోర్డు ముందు నిలబడాలి. ఊరి నుంచి వచ్చిన పిల్లలకు చార్జీలకే చేతిలో డబ్బులు అయిపోయేవి. 2016లో దోస్త్ వచ్చాక ఆ తిరుగుడు తప్పింది. ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, మహాత్మాగాంధీ, పాలమూరు, శాతవాహన వర్సిటీల పరిధిలోని డిగ్రీ కాలేజీలకు, కోఠిలోని చాకలి ఐలమ్మ మహిళా వర్సిటీకి ఒకటే దరఖాస్తు. కోర్టు ఉత్తర్వులతో బయట ఉన్న కొన్ని కాలేజీలను మినహాయిస్తే ఈ వర్సిటీల కిందున్న డిగ్రీ సీట్లు దాదాపు అన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి. ఆదిలాబాద్ తండాలోని పిల్ల నిజాం కాలేజీ పేరు తన చేతితో పెట్టుకోవచ్చు. మధ్యలో ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

దళారీ లేకుండా చేయడానికి పెట్టిన ఈ పద్ధతిలోకి, మీ సెల్‌ఫోన్‌కు వచ్చే ఓటీపీ పట్టుకుని దళారీ మళ్లీ దూరాడు. ఆ దారి మూసేది మీరే. ఇంకెవరూ మూయలేరు.

రిజిస్ట్రేషన్ మీ పని, మీరే చేయండి

ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ముందుగా సరిచూసుకోండి. లింకు లేకపోతే ఆధార్ కేంద్రానికి ఇవాళే వెళ్లండి, నోటిఫికేషన్ వచ్చాక వెళ్తే అక్కడ లైను ఉంటుంది. టీ యాప్ ఫోలియో అనే ఫోన్ యాప్‌లో ముఖం చూపించి కూడా రిజిస్టర్ కావచ్చు. అదీ కుదరకపోతే మీసేవకో, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఉండే దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్‌కో పోవచ్చు. ఫీజు తొలి విడతలో 200 రూపాయలు, తర్వాతి విడతల్లో 400 రూపాయలుగా కొన్నేళ్లుగా ఉంటోంది. ఈ 200 రూపాయలు "మేమే కడతాం" అని ముందుకొచ్చేవాడు ఊరికే కట్టడు. మీ తరఫున ప్రభుత్వం నుంచి వాళ్ల కాలేజీకి మూడేళ్ల పాటు వచ్చే ఫీజు మీద లెక్క వేసుకునే కడతాడు.

ఫీజు కట్టగానే దోస్త్ ఐడీ, ఆరంకెల పిన్ వస్తాయి. నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. కాలేజీలో చేరి, క్లాసులు మొదలయ్యేదాకా ఆ ఫోన్ నంబరు మార్చకండి, రీచార్జ్ అయిపోనివ్వకండి. సీటు వచ్చిన సంగతి దానికే వస్తుంది. కాలేజీలో చేరేటప్పుడు చెప్పాల్సిన ఓటీపీ కూడా దానికే వస్తుంది. ఆ ఓటీపీని కాలేజీ కౌంటర్ దగ్గర, చేరాలని మీరు నిశ్చయించుకున్న తర్వాతే చెప్పాలి. అంతకు ముందు ఎవరు అడిగినా చెప్పాల్సిన పని లేదు.

ఆప్షన్ల వరుస: అసలు సంగతి ఇక్కడే ఉంది

మన పిల్లల్ని ఎక్కువగా భయపెట్టేది ఒక అబద్ధం: "పెద్ద కాలేజీ పేరు మొదట పెడితే అది రాదు, కిందిది కూడా పోతది. అందుకే మాది ఒక్కటే పెట్టు." ఇది పచ్చి అబద్ధం. సీట్లు ఎలా కేటాయిస్తారో అర్థం చేసుకుంటే ఈ మాట మిమ్మల్ని ఇంకెప్పుడూ భయపెట్టదు.

కంప్యూటర్ మీ ఆప్షన్లను పైనుంచి కిందికి చదువుతుంది. మీ మార్కులు, మీ రిజర్వేషన్ చూసి మొదటి ఆప్షన్‌లో సీటు వస్తుందా అని పరిశీలిస్తుంది. వస్తే అదే ఇస్తుంది. రాకపోతే రెండోది, అదీ రాకపోతే మూడోది. పైన పెద్ద కాలేజీ పెట్టినందుకు కింది కాలేజీలో మీ వరుస ఒక్క స్థానం కూడా తగ్గదు. మీకన్నా తక్కువ మార్కులున్నవాడు ఆ కింది కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నా, అదే సీటు దగ్గర ఒకే కేటగిరీలో మీరిద్దరూ పోటీ పడితే మార్కులు ఎక్కువున్న మీకే వస్తుంది.

కాబట్టి వరుస ఒక్కటే ప్రశ్న మీద పెట్టండి: అన్నీ వస్తాయనుకుంటే నేను మొదట ఏది చదువుతాను? అది పైన. దాని తర్వాత నచ్చింది దాని కింద. వస్తుందో రాదో అన్న లెక్కతో పైవాటిని వదిలేయకండి. చివర్లో మాత్రం తప్పక వచ్చేవి నాలుగైదు పెట్టండి. ఒక్కటే ఆప్షన్ పెట్టి అది రాకపోతే ఆ విడతలో మీకు సీటే ఉండదు. ఒక్కటే పెట్టి అది వచ్చిందంటే, చాలాసార్లు అక్కడ చేరేవాళ్లు లేకనే వచ్చింది. చాలినంత మంది చేరని కోర్సును ఎత్తేసి, "వేరే కోర్సు చూసుకో" అన్న అనుభవం మనలో ఎందరికో ఉంది.

కాలేజీ పేరు కన్నా ముందు కోర్సు చూడండి. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ అని రాసుకున్న ప్రతి చోటా కంప్యూటర్ ల్యాబ్ ఉండదు. లైఫ్ సైన్సెస్ అన్న ప్రతి చోటా మైక్రోస్కోపులు ఉండవు. ఒక రోజు బస్సెక్కి వెళ్లండి. ల్యాబ్ తలుపు తీయించి చూడండి. అక్కడ చదువుతున్న సెకండియర్ పిల్లల్ని అడగండి: క్లాసులు జరుగుతున్నాయా, సార్లు ఎందరున్నారు, నిరుడు సర్టిఫికెట్లు సకాలంలో ఇచ్చారా? పది ఫ్లెక్సీలు చెప్పని నిజం ఆ పిల్లలు రెండు నిమిషాల్లో చెప్తారు.

సర్కారు కాలేజీని పక్కన పెట్టకండి

ఇంటికి వచ్చే ఏజెంటు ఎప్పుడూ చెప్పని పేర్లు కొన్ని ఉన్నాయి. హైదరాబాద్‌లో నిజాం కాలేజీ, సిటీ కాలేజీ. హనుమకొండలో కాకతీయ ప్రభుత్వ కాలేజీ. కరీంనగర్‌లో ఎస్సారార్, నిజామాబాద్‌లో గిరిరాజ్, నల్లగొండలో నాగార్జున, మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్. ఆడపిల్లల తల్లిదండ్రులకైతే బేగంపేట మహిళా డిగ్రీ కాలేజీ ఉంది, 1924లో మొదలై ఇవాళ యూనివర్సిటీ అయిన కోఠి మహిళా కాలేజీ ఉంది. నెట్, సెట్ పాసైన, పీహెచ్‌డీ చేసిన అధ్యాపకులు అక్కడ పాఠం చెప్తున్నారు. వీటికి ఏజెంట్లు లేరు, ఇంటికి వచ్చి అడిగే మనిషి లేడు. అందుకే ఏజెంట్ల చేతిలో పడిన మన పిల్లల ఆప్షన్లలో వీటి పేర్లు కనబడటం లేదు. ఇది మనసును కోసే విషయం.

"ఫీజు పైసా లేదు, అంతా రీయింబర్స్‌మెంట్" అన్న మాటనూ పరిశీలించండి. ఆ డబ్బు ఇచ్చేది ప్రభుత్వం, కాలేజీ కాదు. బీసీ, ఈబీసీ కుటుంబాల ఆదాయం ఊళ్లలో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ పత్రం ఉండాలి, ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి. ఆఖర్న మిగిలిన సీటులో స్పాట్ అడ్మిషన్ కింద ప్రైవేటు కాలేజీలో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. ప్రభుత్వం దగ్గర బకాయిలు పేరుకుపోతే ప్రైవేటు కాలేజీలు ఏం చేస్తున్నాయో మీకు తెలుసు: డిగ్రీ అయిపోయిన పిల్ల చేత మెమో కోసం అప్పు చేయిస్తున్నాయి. సర్కారు కాలేజీలో ఫీజే తక్కువ, ఆ భయమూ తక్కువ.

సీటు వచ్చాక నిద్రపోకండి

సీటు కేటాయించగానే గడువులోపు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే ఆ సీటు మీకు కావాలని నమోదు చేయాలి. చేయకపోతే ఆ సీటు పోతుంది. ఇంతకన్నా మంచిది కావాలనుకుంటే సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి సీటు నిలుపుకుని, తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టండి. మంచిది వస్తే పాతది దానంతట అదే రద్దవుతుంది, రాకపోతే పాతది మీకే ఉంటుంది. అయితే కొత్తది వచ్చాక పాతదానికి తిరిగి పోలేరు. కాబట్టి రెండో విడతలో ఉన్నదానికన్నా మెరుగైనవి మాత్రమే పెట్టండి.

ఇప్పటికే మీ ఓటీపీ ఎవరికో ఇచ్చేశారా? కంగారు పడకండి, సిగ్గు పడకండి, ఊరుకోకండి. తప్పు మోసం చేసినవాడిది. ఆధార్, మెమో, ఫోన్ పట్టుకుని ప్రభుత్వ కాలేజీలోని హెల్ప్‌లైన్ సెంటర్‌కు వెళ్లి, నా పేరు మీద నాకు తెలియకుండా రిజిస్ట్రేషన్ జరిగింది అని చెప్పండి. ఆప్షన్ల గడువు ముగిసేలోపు వాటిని మార్చుకోవచ్చు. గడువు దాటినా తర్వాతి విడత ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఇవ్వకపోతే గట్టిగా అడగండి. కాలేజీలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చూసి, సరిపోల్చుకుని తిరిగి ఇచ్చేయాలి.

మేం కోరేది ఇదీ

డిగ్రీ చదువుతున్న అన్నలారా, అక్కలారా! రిజిస్ట్రేషన్లు జరిగే రోజుల్లో సాయంత్రం పూట మీ ఊరి గ్రంథాలయంలోనో, పంచాయతీ ఆఫీసు అరుగు మీదో కూర్చోండి. ఒక ల్యాప్‌టాప్, లేకపోతే ఒక మంచి ఫోన్ చాలు. ఇంటర్ పాసైన ప్రతి పిల్లనూ పిలవండి. మీకు తెలిసిన కాలేజీల గురించి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆప్షన్లు మాత్రం మీరు పెట్టకండి, వాళ్ల చేత పెట్టించండి.

జూనియర్ కాలేజీ సార్లారా, మేడంలారా! హాల్‌టికెట్ ఇచ్చిన రోజే పిల్లలకు దోస్త్ గురించి ఒక గంట చెప్పండి. మీ విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్ల జాబితా ఏ కాలేజీ ఏజెంటు చేతికీ పోనివ్వకండి. ఫలితాలు రాకముందే వాళ్లకు మన పిల్లల నంబర్లు ఎలా చేరుతున్నాయో అందరూ ఆలోచించాలి.

సర్పంచులారా, వార్డు సభ్యులారా! ఓటీపీ అడుగుతూ ఊళ్లోకి వచ్చే వాళ్లను గ్రామసభలో నిలబెట్టి ప్రశ్నించండి.

అమ్మా, నాన్నా! ఫోన్ మీ చేతిలో ఉంటే ఆ నంబరు చెప్పేది మీరే. ఎవరు అడిగినా "మా బిడ్డ వచ్చాక, బిడ్డే చూసుకుంటది" అనండి. ఆ ఒక్క మాట అంటే చాలు.

ఈ కాగితం చదివాక చింపేయకండి. మీ గల్లీలో ఇంటర్ రాసిన పిల్ల ఎవరున్నారో చూసి, ఈ రాత్రికే ఇచ్చి రండి.

ఇట్లు
డిగ్రీ చదువుతున్న, చదువు చెప్తున్న మీ ఊరివాళ్లం