సంతకం అసలుదే, సాయం మాటేమిటి?

స్వచ్ఛంద సంస్థల నిజాయితీని బ్లాక్‌చెయిన్ ధ్రువపత్రాలతో తేల్చవచ్చన్న అభిప్రాయం కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) విభాగాల్లోనూ, సాంకేతిక రంగంలోనూ బలపడుతోంది. రిజిస్ట్రేషన్, దాతకు పన్ను మినహాయింపునిచ్చే 80జీ గుర్తింపు, ఆడిట్ నివేదిక వంటివాటిని జారీచేసేవారు డిజిటల్ సంతకంతో ఇస్తారు. ఆ సంతకం ఆనవాలు ఎవరూ మార్చలేని ఉమ్మడి చిట్టాలోకి ఎక్కుతుంది. దాత ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పత్రం అసలుదో కాదో క్షణంలో తెలుస్తుంది. ఇలాంటి ధ్రువపత్రాలకు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2019లోనే ప్రమాణాలు ప్రకటించింది. 2018 ఆగస్టులో అంతర్జాతీయ బ్లాక్‌చెయిన్ కాంగ్రెస్ జరిగిన హైదరాబాద్‌లో ఈ ఆలోచనకు సహజంగానే ఆదరణ ఉంది. కానీ పత్రం నకిలీదా అన్నది చిన్న ప్రశ్న. సాయం చేరవలసినవారికి చేరిందా అన్నది అసలు ప్రశ్న. ఈ ఏర్పాటు మొదటిదానికి జవాబిచ్చి, రెండోదానికీ ఇచ్చినట్టు నమ్మిస్తుంది.

మొదటి ప్రశ్నకు జవాబు ఇప్పటికే దొరుకుతోంది. 80జీ గుర్తింపు ఉందో లేదో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి సంస్థలు తమకందిన విరాళాల వివరాలను దాతల పాన్ నంబర్లతో సహా ఏటా 10బీడీ ఫారంలో దాఖలు చేయాలి. దాతకు 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాలి. దొంగ రసీదుతో పన్ను మినహాయింపు పొందడం ఆ మేరకు కష్టమైంది. మోసం జరిగేది అసలైన పత్రాల వెనుక. 2020 ఆర్థిక చట్టం తెచ్చిన పద్ధతిలో కొత్త సంస్థకు 3 ఏళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్ దక్కడానికి దాని పనిమీద విచారణ ఏదీ ఉండదు. దరఖాస్తు, పత్రాలు సరిపోతాయి. అలాంటి రిజిస్ట్రేషన్‌ను బ్లాక్‌చెయిన్‌లో పెడితే, విచారణ జరగని పత్రం చెరిగిపోకుండా ఉంటుంది, అంతే.

అసలైన పత్రం వెనుకే మోసం దాగి ఉండవచ్చన్న సంగతి హైదరాబాద్‌కు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇక్కడి సత్యం కంప్యూటర్స్‌కు 2008లో కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధినేత రామలింగరాజు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని తేలింది. పురస్కారం అసలుదే, ఆడిటర్ సంతకమూ అసలుదే.

సాయం చేరిందో లేదో ఎలా తేల్చాలో చూపిన అనుభవం కూడా తెలుగు నేలమీదే ఉంది. ఉపాధి హామీ పథకానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టీసీఎస్ రూపొందించిన సాఫ్ట్‌వేర్ వాడారు. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత కూలి చెల్లించారో మొత్తం కంప్యూటర్లో ఉండేది. ఆ లెక్కలు తమంతట తాము అబద్ధాన్ని బయటపెట్టలేదు. 2006లో మొదలైన సామాజిక తనిఖీలో గ్రామీణ యువకులు మస్టర్ల (హాజరు పట్టీల) కట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. కూలీ పేరు, పనిదినాలు, ముట్టినట్టు రాసిన మొత్తం చదివి వినిపించారు. జాబ్‌కార్డు, పోస్టాఫీసు పాస్‌బుక్ తెప్పించి పక్కపక్కన పెట్టి చూశారు. చనిపోయినవారు, వలసపోయినవారు కూలికి వచ్చినట్టు రాసుకున్న సంగతి ఆ గడపల దగ్గరే బయటపడింది. తర్వాత గ్రామసభలో చదివారు; మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే కూలీలచేత మాట్లాడించారు. 2009లో ఈ పనికి ప్రత్యేక సొసైటీ కూడా ఏర్పడింది. అక్కడ సాక్ష్యం చెప్పింది సాయం అందవలసిన మనిషి. బ్లాక్‌చెయిన్ ధ్రువపత్రంలో ఆ మనిషికి చోటే లేదు. సంస్థ, జారీచేసేవారు, దాత ఈ ముగ్గురే ఉంటారు.

బ్లాక్‌చెయిన్ దేనికీ పనికిరాదని కాదు. తెలంగాణలో చిట్‌ఫండ్ల కోసం తెచ్చిన టీ-చిట్స్ సబబైన ప్రయోగమే. చిట్టీ పాట, వాయిదా, చెల్లింపు అన్నీ లెక్కలోనే జరిగే విషయాలు; ఒకరినొకరు నమ్మని పలువురికి మార్చలేని చిట్టా కావాలి. బస్తీలో పంచిన బియ్యం, బడిలో చెప్పిన పాఠం చిట్టాకు బయట జరుగుతాయి. ఎవరో చూసి రాస్తేనే అవి అందులోకి ఎక్కుతాయి. రాసినవారు అబద్ధం రాస్తే అబద్ధమే శాశ్వతమవుతుంది. 2017లో జోర్డాన్‌లోని అజ్రాక్ శిబిరంలో ప్రపంచ ఆహార కార్యక్రమం నడిపిన బ్లాక్‌చెయిన్ ప్రయోగాన్ని తరచూ ఉదాహరణగా చూపుతారు. సిరియా శరణార్థులు కంటిపాప గుర్తింపుతో సరుకులు కొన్నారు. బ్యాంకు ఛార్జీలు తగ్గాయి. అది మేలే. కానీ మొదట్లో ఆ చిట్టాను నడిపింది ఆ సంస్థ ఒక్కటే. సంస్థను బయటివారు తనిఖీ చేయడం అందులో లేదు.

అసలు నష్టం వేరే చోట జరిగింది: సంస్థల పనిని వెళ్లి చూసివచ్చే ఏర్పాట్లే పోయాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకుని దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర మహిళా సభ కళాశాల ఉంది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు ఆమే. స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లివ్వడంతో పాటు వాటి పని స్వయంగా చూసివచ్చే సంక్షేమ అధికారులు ఆ బోర్డుకు ఉండేవారు. 2022లో బోర్డునే మూసేశారు. ప్రాంగణం దాటితే తార్నాక. అక్కడి ఒకటో నంబరు వీధిలో సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ, వాసన్ వంటి సంస్థలు పనిచేస్తూ వచ్చాయి. పెద్ద సంస్థ విదేశీ నిధి తెచ్చి చిన్న సంఘాలకు ఇచ్చే పద్ధతిలో, దాని కార్యకర్తలు పల్లెకు వెళ్లి మహిళలతో కూర్చుని తీర్మానాల పుస్తకం, పాస్‌బుక్ చూసేవారు. లోపాలు లేని ఏర్పాటు కాదది. అయినా తనిఖీ అంటే అదే. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించి, ఒక సంస్థ మరో సంస్థకు విదేశీ నిధి ఇవ్వడాన్ని నిషేధించారు. 2022 జులైలో కేంద్ర హోంశాఖ సంస్థల వార్షిక రిటర్నులను, రద్దయిన లైసెన్సుల జాబితాను వెబ్‌సైట్ నుంచి తొలగించింది. పత్రం ఇచ్చేదీ, రద్దు చేసేదీ, వివరాలు దాచేదీ ఒకే శాఖ అయినప్పుడు ఉమ్మడి చిట్టా ఎవరి అధికారాన్నీ తగ్గించదు. లైసెన్సు ఎందుకు రద్దయిందో చెప్పాలని ఆ శాఖను అడిగే హక్కు కూడా ఏ క్యూఆర్ కోడూ ఇవ్వదు.

భారం ఎవరిమీద పడుతుందో కూడా చూడాలి. ఆడిటర్, కంప్యూటర్ ఆపరేటర్, ఆంగ్లం తెలిసిన కార్యదర్శి ఉన్న సంస్థకు డిజిటల్ ముద్ర సులువు. ఏడుగురు సభ్యులతో సొసైటీగా నమోదై, బస్తీలో ట్యూషన్ నడిపే బృందానికి డిజిటల్ గుర్తింపుకు వాడే రహస్య తాళంచెవిని (ప్రైవేట్ కీని) కాపాడుకోవడమే పెద్ద పని. ఫోన్ పోతే గుర్తింపూ పోవచ్చు. ముద్ర లేని సంస్థకు ఇవ్వవద్దన్న అలవాటు దాతల్లో స్థిరపడితే, నిజంగా పనిచేసే ఇలాంటి బృందాలే ముందు దెబ్బతింటాయి.

ఆ ముద్రలకయ్యే డబ్బుతో చేయగల పనులున్నాయి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం రిజిస్ట్రార్‌కు చేరే వార్షిక జాబితాలు, లెక్కలు తెలుగులో, ఎవరైనా వెతుక్కునేలా ఆన్‌లైన్లో పెట్టవచ్చు. తొలగించిన విదేశీ విరాళాల రిటర్నులను తిరిగి బయటపెట్టవచ్చు. సీఎస్ఆర్ నిధి ఇచ్చే కంపెనీ అందులో కొంత సామాజిక తనిఖీకి కేటాయించి, ఉపాధి హామీలో పనిచేసిన తనిఖీదారులను పిలిపించవచ్చు. బస్తీ సమావేశంలో సంస్థ ఖర్చు చదివి వినిపించి, అందిందా లేదా అని అక్కడి ఆడవాళ్లనే అడిగించి, వారు చెప్పింది నివేదికలో చేర్చాలని ఒప్పందంలోనే రాసుకోవచ్చు.