మామూ, దీంట్లో రెవిట్ పడదా?

"మ్యాక్‌లో నడవనిది ఏముంది భాయ్? ప్యారలల్స్ వేసుకుంటే విండోస్ మొత్తం దాంట్లోకే వచ్చేస్తుంది." ఈ మాట నేను జగిత్యాలలో ఒక షాపులో విన్నాను, కోరుట్లలో ఒక వలీమా దావత్‌లో విన్నాను. రెండు చోట్లా చెప్పినవాళ్లకు సొంత జేబులోంచి పోయేదేమీ లేదు. పోయింది మా ఆపా ఇంట్లోంచి. అందుకే ఇది రాస్తున్నాను, కాస్త గుస్సాతోనే రాస్తున్నాను.

మా దుల్హేభాయ్ రియాద్‌లో ఉంటాడు. ఆపా కోరుట్లలో బీడీలు చుట్టి ఇల్లు నిలబెట్టింది. వాళ్ల బిడ్డ, నా భాంజీ, ఇంటీరియర్ డిజైన్ కోర్సులో చేరింది. పోయిన ఈద్‌కు దుల్హేభాయ్ సెలవు మీద వస్తూ ఆమెకు ఒక మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చాడు. ఎం1 చిప్, 8 జీబీ మెమరీ. అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, అయినా ఆయన రెండు నెలల జీతం. మొహల్లా మొత్తం వచ్చి చూసింది. "బిడ్డకు ఆపిల్ తెచ్చాడట" అని మస్జిద్ మెట్ల మీద కూడా మాట నడిచింది. నేనూ చేతిలోకి తీసుకుని, ఎంత పల్చగా ఉంది, మాషా అల్లాహ్ అన్నాను. గునాహ్‌లో నాకూ హిస్సా ఉంది. అప్పుడే ఒక్క సవాల్ అడిగి ఉంటే బాగుండేది: దీంతో ఏం పని చేయాలి?

దుల్హేభాయ్ తిరిగి విమానం ఎక్కిన వారానికి భాంజీ ఫోన్ చేసింది. "మామూ, దీంట్లో రెవిట్ పడదా?"

పడదు. రెవిట్‌ను ఆటోడెస్క్ విండోస్ కోసమే చేసింది. 3డిఎస్ మ్యాక్స్ కూడా అంతే. లూమియాన్, సాలిడ్‌వర్క్స్ కూడా అంతే. వీటికి మ్యాక్ వెర్షన్ అనేదే లేదు. ఆటోక్యాడ్‌కు ఉంది, బ్లెండర్‌కు ఉంది, ఫొటోషాప్‌కు ఉంది, వీడియో ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉంది. ఆ పనులకు ఆ యంత్రం బేషకీమతీదే, నేను కాదనను. నా ఝగ్డా మ్యాక్‌తో కాదు. "అన్నీ నడుస్తాయి" అనే ఝూట్‌తో.

ఆ ఝూట్ ఎక్కడుందో చెప్తాను. నా రోజీ తర్జుమా మీద నడుస్తుంది కాబట్టి నాకు ఇది అలాగే అర్థమైంది. ఉర్దూ బయాన్‌ను తెలుగులోకి దించితే మాట బతుకుతుంది, లహ్‌జా కొంత పోతుంది. ఆ తెలుగును ఇంకొకడు ఇంకో భాషలోకి దించితే ఏం మిగులుతుందో మీకే తెలుసు. విండోస్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం ఇంటెల్, ఏఎండీ చిప్‌ల భాషలో రాసినవి. 2020 నవంబర్ నుంచి ఆపిల్ వేస్తున్న ఎం వరస చిప్‌ల భాష వేరు, దాన్ని ఆర్మ్ అంటారు. అందుకని ప్యారలల్స్‌లో కూర్చునేది ఆర్మ్ కోసం చేసిన వేరే విండోస్ 11. మైక్రోసాఫ్ట్ దీనికి అధికారికంగా ఇజాజత్ ఇచ్చింది 2023 ఫిబ్రవరిలో. ఆ విండోస్ లోపల రెవిట్ మాటలను చిప్ భాషలోకి మార్చే ముతర్జిమ్ ఒకడు. రెవిట్ గీసే బొమ్మలను డైరెక్ట్‌ఎక్స్ నుంచి ఆపిల్ వాడే మెటల్‌లోకి మార్చే ముతర్జిమ్ ఇంకొకడు. ఇద్దరికీ కూలి ఇవ్వాలి, ఆ కూలి మెమరీలోంచి, వేగంలోంచి పోతుంది. 8 జీబీలో సగం విండోస్‌కు ఇస్తే మ్యాక్‌కు ఊపిరాడదు. ఇవ్వకపోతే విండోస్‌కు ఆడదు. పోనీ తర్వాత మెమరీ పెంచుకుందామంటే వీల్లేదు, కొన్న రోజు ఎంత ఉంటే ఆఖరిదాకా అంతే.

భాంజీ 14 రోజుల ట్రయల్ వేసి చూసింది. రెవిట్ తెరుచుకుంది. చిన్న గది గీసింది, ఖుషీ అయింది. మూడంతస్తుల ఇల్లు తెరిచి తిప్పబోతే తెర బిగుసుకుపోయింది. ఎవరిని అడగాలి? ఆర్మ్ చిప్‌ల మీద రెవిట్‌కు ఆటోడెస్క్ సపోర్ట్ ఇవ్వదు. ట్రయల్ తర్వాత ప్యారలల్స్‌కు పైసలు, విండోస్ లైసెన్స్‌కు వేరే పైసలు. వీఎంవేర్ ఫ్యూజన్ 2024 నవంబర్ నుంచి అందరికీ ముఫ్త్‌గా దొరుకుతోంది, అయితే తర్జుమా కష్టం దాంట్లోనూ ఉంటుంది.

"పాత మ్యాక్ తీసుకోండి, దాంట్లో రెండూ ఉంటాయి" అని అమ్మేవాళ్లు మళ్లీ తయారయ్యారు. నిజమే, ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్‌లకు బూట్ క్యాంప్ ఉండేది. 2006లో ఆపిలే తెచ్చింది. తర్జుమా లేకుండా విండోస్ నేరుగా నడిచేది, అసలైన ఇలాజ్ అదే. కానీ ఆ దర్వాజా ఎం1తోనే మూసేశారు. పైగా బూట్ క్యాంప్‌లో అధికారికంగా విండోస్ 10 దాకానే, 11 లేదు. ఆ విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ మ్యాక్‌లు తీసుకునే ఆఖరి మ్యాక్ ఓఎస్ 26 అని ఆపిల్ కూడా తేల్చేసింది. అంటే రెండు వైపులా ముద్దత్ తీరిన సామానును "రెండూ ఉంటాయి" అని అంటగడుతున్నారు.

ఇక ఆటల సంగతి. మా పెద్దవాళ్లు "గేములా, తౌబా" అని చెవులు మూసుకుంటారు, కాబట్టి ఈ భాగం చదవరనుకుంటాను. చదివితే మంచిది. ఈ యంత్రంలో ఏది పడుతుందో ఏది పడదో మా ఇంట్లో అందరికంటే ముందు పసిగట్టినవాడు గేములాడే మా భాంజా, పదో తరగతి. "అమ్మీ, ఇస్మే వాలొరెంట్ నై చల్తా" అని మొదటి రోజే చెప్పాడు. ఆపా వీపు మీద ఒకటిచ్చింది. వాడు చెప్పింది ఖరా నిజం. వాలొరెంట్ తనతోపాటు వాన్‌గార్డ్ అనే పహరేదార్‌ను తెస్తుంది. మోసం పట్టేందుకు అది విండోస్ లోతుల్లో కూర్చుంటుంది, మ్యాక్ లోపలి కిరాయి విండోస్‌ను ఒప్పుకోదు. జీటీఏ 5కు మ్యాక్ వెర్షన్ లేదు. డైరెక్ట్‌ఎక్స్ 12 అడిగే ఆటలు ప్యారలల్స్‌లో లేవవు, ఎందుకంటే దాని పరిధి 11 దాకానే. క్రాస్‌ఓవర్ అనే ఇంకో దారి ఉంది. విండోస్ లేకుండానే 1993లో మొదలైన వైన్ ప్రాజెక్టు పునాది మీద విండోస్ పిలుపులకు జవాబిస్తుంది. ఆపిల్ 2023 జూన్‌లో ఇచ్చిన గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్ వల్ల డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటలు కూడా కొన్ని దాంట్లో కదులుతున్నాయి. అయితే ఇదంతా రొజెట్టా 2 అనే ఆపిల్ ముతర్జిమ్ భుజాల మీద నడుస్తోంది. ఆ ముతర్జిమ్ పూర్తి నౌకరీ మ్యాక్ ఓఎస్ 27 దాకానే అని, తర్వాత కొన్ని పాత ఆటలకే అని ఆపిల్ 2025లో చెప్పింది. సైబర్‌పంక్ 2077 లాంటివి నేరుగా మ్యాక్‌కే వచ్చాయి. వస్తే అలా రావాలి, సీదా దర్వాజా నుంచి. ఇదంతా నాకు వివరించినవాడు ఆ దెబ్బ తిన్న పిల్లవాడే.

సిరిసిల్ల మాట చెప్పాలి. అక్కడ చీరల బార్డర్లకు డిజైన్లు చేసే ఒక దోస్తు ఉన్నాడు. గదిలో దుమ్ము పట్టిన విండోస్ డబ్బా, దాని వెనక సాఫ్ట్‌వేర్ తాళంగా ఒక డాంగిల్, పక్క షెడ్డులో మగ్గాల చప్పుడు. "మ్యాక్ కొనవా?" అని అడిగితే నవ్వాడు. "నా మగ్గం దేనితో మాట్లాడుతుందో అదే కొంటా భాయ్. శాన్ కోసం కొంటే మగ్గం ఆగుతది." చదువు ఎక్కువ లేని మనిషి, లెక్క మాత్రం పక్కా.

నా సంగతి కూడా దాచను. నేను డెస్క్‌లో పని నేర్చుకున్నది విండోస్ మీదే. తెలుగుకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు, ఉర్దూకు ఇన్‌పేజ్. వింతేమిటంటే పేజ్‌మేకర్ 1985లో పుట్టింది మ్యాక్ మీదే. మా దగ్గర మాత్రం అది విండోస్ మనిషిగానే బతికింది. ఎందుకు? చవక డబ్బాలు, పక్క సందులో రిపేర్ చేసేవాడు, మన లిపికి ఫాంట్లు. ఆ ఏళ్ల ఇన్‌పేజ్ ఫైళ్లు యూనికోడ్‌లో లేవు, ఇప్పటికీ వాటి కోసం నా పాత డబ్బాను పారేయలేదు. పని ఎక్కడ స్థిరపడిందో యంత్రం అక్కడికి పోవాలి. ఇది నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. తెలిసీ ఈద్ రోజున పల్చదనం చూసి మురిసిపోయాను.

ఇప్పుడు ఖుసూర్ ఎవరిది? "మన గల్ఫోళ్లకు దిఖావా ఎక్కువ" అని తేల్చేయడం ఆసాన్. నేను ఒప్పుకోను. బిడ్డ తాలీమ్ కోసం మంచిది కొనాలనుకున్న తండ్రి నియత్‌లో ఖోట్ లేదు. ఆయనకు మంచిదంటే ఖరీదైనదని నేర్పింది బజారు. రెండేళ్లు రెవిట్, మ్యాక్స్ చెప్పబోతున్న కోర్సువాళ్లు అడ్మిషన్ కాగితంలో ఫీజు కిస్తీల తారీఖులు రాశారు, హాస్టల్ నియమాలు రాశారు. ఏ సాఫ్ట్‌వేర్, ఏ విండోస్, ఎంత మెమరీ, ఏ గ్రాఫిక్స్ కార్డు అనే నాలుగు ముక్కలు మాత్రం రాయలేదు. నేను వెళ్లి అడిగాను. "అందరికీ తెలిసిందే కదా సార్" అన్నారు. ఎవరికి తెలుసు? బీడీలు చుట్టే తల్లికా, రియాద్‌లో ఎండలో నిలబడే తండ్రికా? అదే గదిలో ఒకాయన చెవిలో "క్రాక్ ఉంది, పెన్‌డ్రైవ్‌లో ఇస్తా" అన్నాడు. ఆటోడెస్క్ విద్యార్థులకు తన సాఫ్ట్‌వేర్ ముఫ్త్‌గానే ఇస్తుంది. హలాల్ దారి తెరిచి ఉండగా పిల్లలకు చోరీ నేర్పేది చదువు చెప్పేవాళ్లేనా?

ఫీజు కట్టే ముందు ఆ నాలుగు ముక్కలు కాగితం మీద రాయించుకోండి. రాయనంటే కట్టకండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఆ కాగితం ఫొటో పంపండి, ఆ తర్వాతే షాపు మెట్లు ఎక్కమనండి.

భాంజీ ఇప్పుడు జగిత్యాలలో సహేలీ ఇంట్లో, ఆమె విండోస్ లాప్‌టాప్ ఖాళీ అయ్యేదాకా కూర్చుని రెవిట్ పని చేసుకుంటోంది. తిరిగొచ్చేసరికి ఒక్కోసారి ఇషా అయిపోతుంది. మ్యాక్ బీరువాలో, తెచ్చిన డబ్బాలోనే ఉంది. అమ్మేద్దామంటే ఆపా వద్దంటుంది. ప్రతి జుమా రోజు రియాద్ నుంచి వీడియో కాల్ వస్తుంది. "లాప్‌టాప్ అచ్ఛా చల్‌రా నా?" అని దుల్హేభాయ్ అడుగుతాడు. ఆపా బిడ్డ వైపు చూస్తుంది. బిడ్డ తల వంచుకుంటుంది.

"చల్‌రా జీ, బహుత్ అచ్ఛా చల్‌రా" అంటుంది ఆపా.