కొట్టి చూసి కొనడం: ఎంతవరకు నమ్మవచ్చు?

హైదరాబాద్‌లోని ఖాజాగూడ, గచ్చిబౌలి చుట్టుపక్కల గోల్ఫ్ ఇప్పుడు అపురూపమేమీ కాదు. బండరాళ్ల మధ్య పీటర్ హారడిన్ రూపొందించిన బౌల్డర్ హిల్స్ కోర్సు దగ్గరలోనే ఉంది. గోల్కొండ నయా ఖిలాలో హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ ఉంది. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో తెలుగు మూలాలున్న గోల్ఫర్ సాహిత్ తీగల పీజీఏ టూర్‌లో తొలి విజయం సాధించాక, ఈ ఆటను పట్టించుకోని తెలుగు ఇళ్లలోనూ దాని ప్రస్తావన వచ్చింది. ఐటీ ఉద్యోగాల్లో కుదురుకుని, నడివయసుకు దగ్గరపడుతుండగా ఆట మొదలుపెట్టేవారికి కొంతకాలానికి ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. కొత్త ఐరన్ల సెట్ కొనే ముందు ఎన్ని కొట్టి చూడాలి? ఆ పరీక్షను ఎంతవరకు నమ్మాలి?

కొట్టి చూడాలనే వాదనకు గట్టి ఆధారమే ఉంది. ఐరన్ అందరికీ ఒకే కొలతలో సరిపోయే వస్తువు కాదు. కడ్డీకీ (షాఫ్ట్‌కూ) నేలకూ మధ్య కోణం, అంటే లై, మనిషి ఎత్తుకూ నిలబడే తీరుకూ తగ్గట్టు ఉండాలి. అది అవసరానికి మించి నిటారుగా ఉంటే, కుడిచేతి ఆటగాడు చక్కగా కొట్టిన బంతి కూడా ఎడమకు మళ్లుతుంది. 1959లో పింగ్ కంపెనీని స్థాపించిన ఇంజినీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఈ సంగతిని పట్టించుకున్నాడు కనుకే, ఆ కంపెనీ లై కోణాన్ని బట్టి క్లబ్బులకు రంగు చుక్కలు పెట్టే పద్ధతి తెచ్చింది. షాఫ్ట్ బరువు, బిగువు విషయంలోనూ అంతే. తేలికైన గ్రాఫైట్, బరువైన స్టీలు ఒకే చేతిలో వేర్వేరుగా పనిచేస్తాయి. ఈ తేడాలు కంటితో చూస్తే తెలియవు, కొట్టి చూస్తేనే తెలుస్తాయి.

అయితే ఎక్కడ కొట్టి చూస్తున్నామన్నది కూడా లెక్కలోకి రావాలి. ఏసీ గదిలో మ్యాట్ మీద క్లబ్ బంతికి కాస్త వెనక తగిలినా జారిపోయి బంతిని అందుకుంటుంది. పచ్చిక మీద అదే పొరపాటుకు మట్టి అడ్డుపడి, బంతి సగం దూరంలోనే ఆగిపోవచ్చు. మన దగ్గర ఎండాకాలంలో నేల గట్టిపడుతుంది, వానల్లో మెత్తబడుతుంది. క్లబ్ అడుగు వెడల్పు, దాని వంపు ఈ రెండు స్థితుల్లో ఎలా నడుస్తాయో మ్యాట్ చెప్పలేదు.

గదిలోని పరీక్ష వృథా అని దీని అర్థం కాదు. లాంచ్ మానిటర్ కంటికి అందనివి చూపిస్తుంది. బంతి వేగం, లేచిన కోణం, స్పిన్, గాలిలో సాగిన దూరం, దిగిన కోణం అంకెల్లో ముందుంటాయి. ట్రాక్‌మ్యాన్ సంస్థ ప్రచురించిన పీజీఏ టూర్ సగటుల్లో 7 ఐరన్ బంతి గాలిలో సాగే దూరం 170 గజాలకు పైగా, స్పిన్ నిమిషానికి 7,000కు పైగా చుట్లు, దిగే కోణం సుమారు 50 డిగ్రీలు. క్లబ్ ఆటగాళ్లలో చాలామంది దూరం ఇందుకు ఎంతో దిగువన ఉంటుంది. ఆ అంకెలు ఎదురుగా కనిపిస్తే, టూర్ ఆటగాడి బ్యాగులోని బ్లేడ్ తనకూ నప్పుతుందన్న ఆశ కొంత సర్దుకుంటుంది. అది చిన్న మేలు కాదు.

కానీ ఆ అంకెల్లో మనసును ముందుగా లాగేది దూరమే. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒకప్పుడు 7 ఐరన్ లాఫ్ట్, అంటే క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం, 34, 35 డిగ్రీలు ఉండేది. దూరం కోసం చేసిన నేటి సెట్లు కొన్నింట్లో అది 28, 29 డిగ్రీలు. పాత 7 ఐరన్ కంటే కొత్తది పది, పదిహేను గజాలు ఎక్కువ పోయిందంటే, అందులో కొంత భాగం కేవలం కోణంలో మార్పే కావచ్చు. తయారీదారుల వాదనలోనూ న్యాయముంది. క్లబ్ తల గరిమనాభి కిందికి జరిగితే బంతి సులువుగా పైకి లేస్తుంది కనుక, లాఫ్ట్ తగ్గించినా బంతి దారి దెబ్బతినదని వారంటారు. నెమ్మదిగా స్వింగ్ చేసేవారికి ఇది నిజంగానే మేలు చేయవచ్చు. అయినా పర్యవసానం ఒకటి మిగులుతుంది. ఆ సెట్‌లో పిచింగ్ వెడ్జ్ 43, 44 డిగ్రీలకు దిగితే, 56 డిగ్రీల శాండ్ వెడ్జ్‌తో మధ్య పెద్ద ఖాళీ పడుతుంది. దాన్ని పూడ్చడానికి మరో వెడ్జ్ కొనాలి, 14 క్లబ్బుల నిబంధన వల్ల మరొకటి వదులుకోవాలి. ఒక్క 7 ఐరన్‌తో జరిపిన పరీక్షలో ఇదేదీ కనిపించదు.

సరుకు సంగతీ ఉంది. దిగుమతి సుంకం భరించి తెచ్చే వస్తువు కనుక అన్ని రకాల షాఫ్టులూ డెమోకు ఉంచడం దుకాణానికి భారం. ఎడమచేతివారికి అవకాశం ఇంకా తక్కువ. కొట్టి చూసినది ఒకటి, ఆర్డరుపై వచ్చేది వేరొకటి కావచ్చు. మరోవైపు, గంటల తరబడి ఫిట్టింగ్ చేయించుకుని, అదే సెట్‌ను ఆన్‌లైన్‌లో కొంత తక్కువకు కొనేవారూ ఉంటారు. ధర చూసుకోవడం కొనేవారి హక్కే అయినా, ఆ పద్ధతి విస్తరిస్తే కొట్టి చూసే చోటే మిగలదు. ఫిట్టింగ్‌కు విడిగా రుసుము తీసుకోవడం ఇద్దరికీ న్యాయమనిపిస్తుంది.

కొత్తగా నేర్చుకుంటున్నవారి విషయంలో అభిప్రాయభేదం సహజం. స్వింగ్ ఇంకా కుదరనప్పుడు తీసిన కొలతలు ఆరు నెలల్లో పనికిరాకుండా పోవచ్చు కాబట్టి, ఆ డబ్బు కోచ్‌కు ఇవ్వడమే మేలని కొందరంటారు. సరిపోని క్లబ్‌కు ఒళ్లు అలవాటుపడితే ఆ అలవాటే తప్పుగా స్థిరపడుతుందని మరికొందరంటారు. రెండింటిలోనూ నిజముంది. కాబట్టి కొత్తవారు పొడవు, లై, షాఫ్ట్ బిగువు వరకు సరిచూసుకుని, వాడిన సెట్‌తో మొదలుపెట్టి, పూర్తి ఫిట్టింగ్‌ను వాయిదా వేయడం తెలివైన పని.

కొంతకాలంగా ఆడుతున్నవారు కొట్టి చూడటం మానకూడదు, దానికి కొన్ని హద్దులు పెట్టుకోవాలి. ముందుగా తమ పాత 7 ఐరన్‌నే అదే మానిటర్ ముందు, అదే బంతితో కొట్టాలి. ఆ కొలత లేకుండా కొత్తదాని అంకెకు అర్థం లేదు. రెండు, మూడు మోడళ్లకు మించితే అలసట వల్ల చివరివాటికి అన్యాయం జరుగుతుంది. అన్నిటి లాఫ్టులూ పక్కపక్కన రాసుకుని, అత్యుత్తమ షాట్‌ను పక్కనపెట్టి, సరిగ్గా తగలని షాట్లు ఎక్కడ పడ్డాయో, ఎంత ఎడంగా చెదిరాయో చూడాలి. గ్రీన్ మీద బంతి ఆగాలంటే దిగే కోణం ముఖ్యం. వీలైతే మరో రోజు, పచ్చిక మీద, డెమో క్లబ్‌తో ఇంకోసారి సరిచూసుకోవాలి.

ఇంత చేశాక కూడా తేడా స్వల్పంగానే ఉంటే, పాత సెట్ లై సరిచేయించి గ్రిప్పులు మార్పించడం చాలు. ఫోర్జ్‌డ్ ఐరన్లయితే కోణం వంచడం తేలిక, కొన్ని కాస్ట్ ఐరన్లకు ఆ వీలు తక్కువ. తేడా స్పష్టంగా, రెండు వేర్వేరు రోజుల్లోనూ కనిపిస్తే కొనడానికి సంకోచించనక్కర్లేదు. పరీక్ష ఫలితం కొనడమే కావాలని లేదు. కొనకపోవడం కూడా ఫలితమేనని ముందే ఒప్పుకుని వెళ్లినవారికే ఆ పరీక్ష నిజంగా ఉపయోగపడుతుంది.